కాకి అడుగు రాయి

ఎర్రబోరు దగ్గర మా ఊరు,
తునికాకు కోసే రోజులు.

దేవుడమ్మ వదినకు,

మీరు నన్ను చూళ్లేదు. నేను వినోద్ తల్లిని. జగదల్‌పూర్‌ల మీ ఇంటి వెనక అర్రలో రెండేండ్లు ఉన్నడు కదా, ఆ వినోద్. వాడు మిమ్మల్ని అత్తా అనేటోడు కాబట్టి నేను వదినా అంటున్న. తప్పైతే చెప్పండి.

మీరు ఫోన్ చేసిన్రు. నేను ఎత్తి, మాట రాక పెట్టేసిన. కోపం చేసుకోవద్దు. ఇంతకుముందు మీ గొంతు వాడి ఫోన్‌ల నుంచే వచ్చేది. పక్కనుంచి వాడు "అమ్మా, అత్త నీతోటి మాట్లాడతదంట" అనేటోడు. ఇప్పుడు మీ గొంతు వింటే, పక్కన వాడు ఎప్పుడు మాట్లాడతడా అని చూస్త. అందుకే కాగితం రాస్తున్న. మా పుట్టిల్లు చింతూరు దిక్కు, అక్కడ బడిలో నాలుగు దాకా చదివిన. అక్షరాలు వంకరుంటయి, కూడుకొని చదువుకోండి.

ఎట్ల పోయిండో మీకు ఎవరు ఎట్ల చెప్పిన్రో తెల్వదు, నేను చెప్త. అమ్మ ఒక్కతే ఇప్పపువ్వు ఏరుతదని సెలవు పెట్టి వచ్చిండు. ఆ రోజు తెల్లారంగనే ఏరి వస్తున్నం. గంప వాడే నెత్తిన పెట్టుకున్నడు. "నువ్వు ఊరికె నడువమ్మా, రాణి లెక్క" అన్నడు. వాడు ముందు, నేను వెనక. నా చెప్పు తెగితే వంగిన. వంగినప్పుడే ఆ చప్పుడు. మందుపాతర. గంప పైకి పోయి కొమ్మకు చిక్కుకుంది. అందులో పువ్వంత మళ్ళ రాలింది వదినా, మెల్లగ, చెట్టుమీది నుంచి రాలినట్టే రాలింది.

ఎవరు పెట్టిన్రో తెల్వదు. ఎవరి కోసం పెట్టిన్రో తెల్వదు. వాడి కోసం మాత్రం కాదు. తర్వాత పోలీసు క్యాంపోళ్లు వచ్చి అడిగిన్రు, మీవోడు ఎవరి మనిషి అని. అడివి దిక్కు నుంచి గూడ అదే మాట అడిగిపిచ్చిన్రు. నా మనిషి అని చెప్పిన.

నాకు తెలుసుకోవాలని ఉన్నది. వాడు అక్కడ ఏం పని చేసిండు? "రాయి పనమ్మా" అనేటోడు, అంతే. కడుపుకు తిన్నడా? అర్రల ఏమన్న ఉంటే పారెయ్యకండి. చినిగిన అంగీ అయిన సరే.

వినోద్ తల్లి,
పొజ్జే


జగదల్‌పూర్, రైలు గేటు దగ్గర,
ఎండలు మండుతున్న రోజు.

ఒదినకి,

నీ ఉత్తరం బస్సు కండక్టరు తెచ్చి ఇచ్చినాడు. చదివి, మడతెట్టి, మళ్లీ చదివినాను. మా ఆయన బంగారురాజు అడిగితే చదివి వినిపించబోయాను. గంప కాడ ఆగిపోయినాను. ఆయన లేచి పెరట్లోకి పోయి, కొట్టీసిన కట్టెల్నే మళ్లీ కొట్టుకుంటా కూకున్నాడు.

తప్పేటి తల్లీ, ఒదినా అనే పిలు. ఆ 'మీరు' మాత్రం మానీ. లైను మీద ముప్పై ఏళ్లు గ్యాంగుమేనుగా చేసిన బంగారురాజునే మా ఇంట్లో ఎవరూ మీరు అనరు.

తినడమా? నీ కొడుకా? మా శ్రీకాకుళం దిక్కు చేపల పులుసు పెడితే మొదట మూతి ముడిచినాడు. "అత్తా, ఇందులో పులుపు తప్ప చేప లేదు" అన్నాడు. మర్నాడు తనే గిన్నె ముందర కూకున్నాడు. దిగులు పడకు, నా ఇంట్లో ఆ గుంటడు ఆకలితో పడుకోలేదు.

అర్ర అలాగే ఉంది. నీలం చొక్కా చిలక్కొయ్యకి ఉంది. ఉతకలేదు. ఉతకనా అని ఆలోచించి ఊరుకున్నాను. ఉలి, సుత్తి మంచం కింద ఉన్నాయి.

పని సంగతి చెబుతాను. మా ఊరి నడిబజార్లో చింతచెట్టు దగ్గర ఒక స్తంభం ఉంది. నూరేళ్లు దాటినాది, భూంకాల్ అని, ఈ అడివోళ్లే తెల్లోళ్ల మీద తిరగబడినారట. పట్టుకుని ఆ చింతచెట్టుకి ఉరి తీసినారట. స్వతంత్రం కోసం పోయినోళ్లని వాళ్లకి స్తంభం కట్టినారు. పోయినేడు దాని చుట్టూ అరుగు కట్టినప్పుడు, అంచు రాళ్లు చెక్కింది మన గుంటడే. పంద్రాగస్టుకి నన్నూ ఈయన్నీ లాక్కుపోయి చూపించినాడు. ఏ రాయి ఎవరు చెక్కినారో తెలియడానికి మేస్త్రీ ఒక్కొక్కణ్ణీ ఒక్కో గుర్తు పెట్టుకోమన్నాడట. వీడిది కాకి అడుగు. మూడు గీతలు, వెనక ఒక చిన్న గీత. "ఇన్ని ఉండగా కాకేటిరా" అంటే నవ్వినాడు, చెప్పలేదు.

ఒకసారి రా ఒదినా. నీ కొడుకు చెయ్యి ఆ రాళ్ల మీద ఉంది. తడిమి చూసుకుందువు గాని.

దేవుడమ్మ


మా ఊరు,
తొలకరి పడ్డది.

వదినా,

కాకి కాదు అది. నువ్వు రాసింది చదివి ఇంట్ల ఒక్కదాన్నే నవ్విన. తర్వాత ఏడ్చిన.

అది మా ఇంటి గుర్తు. మా దిక్కు జీలుగు చెట్టు ఎవరిదో తెల్వాలంటే కత్తితోటి చెట్టుకు గుర్తు కొడతరు. ఆ గుర్తున్న చెట్టు కల్లు ఇంకొకరు గియ్యరు. మూడు గీతలు, వెనక ఒక గీత, అది వినోద్ నాయిన గుర్తు, వాళ్ల తాత గుర్తు. పిచ్చి పిల్లగాడు, పట్నంల రాళ్లమీద కొట్టి వచ్చిండు, పట్నమంత మా ఇంటి చెట్టైనట్టు.

చొక్కా ఉతకకు.

ఇప్పుడు రాలేను. నాట్లు ముంగటున్నయి. ఇంకో పని గూడ ఉన్నది. వాడికి రాయి నిలబెట్టాలె. మాలో మనిషి పోతే ఊరి బయట దారి పక్కన రాయి నిలబెడతం. ఒక ఇంటోళ్ల రాళ్లన్నీ ఒక్క వరసల ఉంటయి. మొదలు ముత్తాతలది, అట్ల ఒకరి పక్కన ఒకరు. వినోద్ నాయిన జరం వచ్చి పోయినప్పుడు ఆయన రాయి చివర నిలబెట్టినం. దాని పక్కన జాగ ఉన్నది. నాదే అనుకున్న ఆ జాగ. ఇప్పుడు వాడిదైంది. రాయి నిలబెట్టి, బియ్యం పెట్టి, సారా పోస్తే అప్పుడు వాడు ఇంటి పెద్దలతోటి కలుస్తడు. అంతదాక ఆ దారిల, ఆ చెట్టుకాడనే తిరుగుతుంటడు.

మామతోటి మాట్లాడాలె. మా మామ హుంగా, వరస ఆయన చేతులనే ఉంటది. మాట్లాడి రాస్త.

పొజ్జే


జగదల్‌పూర్,
ఆషాఢం వాన.

ఒదినా,

నెల దాటిపోయింది, రాయి పెట్టినారా? ఏటీ రాయలేదు. మా క్రైస్తవుల్లో అయితే సమాధి మీద పలక పెట్టి పేరూ పుట్టిన రోజూ చెక్కుతాం. మీ రాయి మీద పేరు ఎవరు చెక్కుతారు? మీ దిక్కు ఎవరూ లేకపోతే ఇక్కణ్ణుంచి మనిషిని పంపుతాను. వీడితో పనిచేసిన కుర్రాళ్లు ఉన్నారు, పిలిస్తే బేగి వస్తారు.

మా గుడిలో ఆదివారం వినోద్ పేరు చదివించినాను. మావాడు కాదు కదా అని పాస్టరు నసిగితే, మా ఆయన "మరి మా ఇంట్లో అన్నం తిన్నాడు కదా" అన్నాడు. చదివినారు.

పంద్రాగస్టుకి రా. స్తంభానికి దండలేస్తారు, బడిపిల్లలు పాటలు పాడతారు. నీ కొడుకు చెక్కిన రాళ్ల మీదే నిలబడి పాడతారు. చూద్దువు గాని.

దేవుడమ్మ


మా ఊరు,
నాట్లు అయినయి.

వదినా,

రాయి పెట్టలే. నీకు అబద్ధం రాయొద్దని ఇన్ని రోజులు రాయలే.

మామ వద్దన్నడు. వాడిది చెడ్డ చావంట. పులి నోట పడ్డోళ్లకు, పిడుగు పడినోళ్లకు, చెట్టుమీద నుంచి పడి పోయినోళ్లకు మాలో వరసల రాయి ఉండదు. నాకు తెలుసు ఆ మాట, చిన్నప్పటి నుంచి విన్న. కానీ అది వేరేటోళ్ల ఇంట్ల మాట అనుకున్న.

"వరసల పెడితే ఆ చావు దారి నేర్చుకుంటది కోడలా. మళ్ళ ఇంటికొస్తది. మిగిలిన పిల్లలున్నరు ఊర్లె" అన్నడు మామ. కోపంగ అనలే. ముసలాయన, మనవడు పోయినకాడి నుంచి ముద్ద దిగుత లేదు ఆయనకు. అట్లనే తల దించుకొని అన్నడు. అందుకే నేను అరవలేకపోయిన. అరిస్తే బాగుండు.

ఎర్రబోరు సడక్ మీద పోతుంటే జవాన్ల స్తంభాలు కనపడతయి, సున్నం కొట్టి, పేర్లు రాసి. అడివిల ఎర్ర స్తంభాలు ఉండేటివి, వాళ్లోళ్లకు వాళ్లు కట్టుకున్నరు. ఎవరోళ్లకు వాళ్లు కట్టుకున్నరు. నా కొడుకుకు సర్కారు కట్టదు, అడివోళ్లు కట్టరు. కట్టాల్సిన ఇల్లు గూడ కట్టనంటది. తుపాకీ పట్టకపోతే మనిషికి రాయి లేదా వదినా?

పేరు చెక్కేటోన్ని పంపుత అన్నవు. మా రాళ్లమీద పేరుండదు. ఎవరిదో ఊరికి తెలుసు. తెలిసినోళ్లు ఉన్నన్ని దినాలు ఉంటది.

నేను వస్త. వాడు చెక్కిన రాళ్లు తడిమి చూస్త. నాకు ఇంక వాడివి అవే ఉన్నయి. పంద్రాగస్టుకే వస్త. ఏ బస్సు ఎక్కాలె, ఎక్కడ దిగాలె రాయి.

పొజ్జే


జగదల్‌పూర్.

ఒదినా,

ఇప్పుడు రాకు. వానలు బాగా పడుతున్నాయి, సుక్మా దగ్గర వాగు పొంగి బస్సులు ఆపీసినారని విన్నాను. మా ఆయనకి మోకాలి నొప్పి, నిన్ను తిప్పి చూపించే మనిషి ఉండడు. పంద్రాగస్టుకి జనం ఎక్కువ, ఊపిరాడదు. దసరా తర్వాత చూద్దాం.

దేవుడమ్మ


మా ఊరు.

దేవుడమ్మ గారికి,

బస్సులు తిరుగుతనే ఉన్నయి. మీ ఉత్తరం తెచ్చింది గూడ ఆ బస్సే.

మొన్నటిదాక రా రా అన్నరు. చెడ్డ చావు అని రాయంగనే రావొద్దంటున్నరు. మీరు గూడ భయపడ్డరని తెలిసింది. మీ తప్పు కాదు. మీకు గూడ ఇల్లు వాకిలి ఉన్నది. చెడ్డ చావు తల్లి గడప తొక్కితే ఎవరికైన భయమే.

వాడి చొక్కా, ఉలి బస్సోనికి ఇయ్యండి. నేను రాను.

వినోద్ తల్లి


జగదల్‌పూర్,
పంద్రాగస్టు వెళ్లిన వారం.

ఓలమ్మా, ఎంత మాట అనీసినావు ఒదినా! 'గారు' ఒకటీ మళ్లీ! నన్ను చెప్పుతో కొట్టినా బాగుండును.

నీ గురించి భయం కాదే తల్లీ. నీకు చెప్పడానికి భయం.

రా అని రాసినాక, ఒకసారి చూసొద్దామని బజారుకి పోయినాను. స్తంభం చుట్టూ రేకులు కట్టి ఉన్నాయి. సందులోంచి చూస్తే అరుగు లేదు. అరుగు అందంగా లేదట, నున్నటి నల్లబండ వేస్తారట. మన గుంటడి రాళ్లన్నీ తవ్వి ట్రాక్టర్లో ఎత్తుకుపోయినారు. ఉన్నవి చూడ్డానికి నువ్వు వస్తానంటున్నావు, అక్కడ ఏటీ లేదు. ఇంకోసారి ఎలా చంపను ఆ తల్లిని అని అబద్ధం రాసీసినాను.

మోకాలి నొప్పి మాత్రం అబద్ధం కాదు. ఆ మోకాలితోనే మా ఆయన నీ ఉత్తరం విని లేచినాడు. "ట్రాక్టరు పోయిన దారి ఉంటాది కదా" అన్నాడు. అడుక్కుంటా అడుక్కుంటా పోతే, ఇంద్రావతి ఒడ్డున గుంట పూడ్చడానికి పోసినారట. ఈయన రోజూ సద్ది కట్టుకుని పోయి ఆ గుట్ట ముందర కూకుని ఒక్కో రాయీ తిరగేసేవాడు. ఇంటికొస్తే ఒళ్లంతా సున్నం. "దొరికినాదా?" అంటే "రైలు పట్టా కింద కంకర తిరగేసినోణ్ణి, ఇదేపాటి" అనేవాడు. అన్నీ పగిలిపోయినాయట. ఎక్కడో ఒక గీత, ఎక్కడో రెండు.

నిన్న సాయంత్రం ఆటోలో వచ్చినాడు. ఒళ్లో గోనెసంచి. పిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని దిగినాడు. పీటంత రాయి. మూల కొంచెం విరిగినాది గానీ, కాకి అడుగు నిండుగా ఉంది. నా నోట కాకి అడుగే వస్తాది, ఏటీ అనుకోకు.

మూడు గీతలూ, వెనక గీతా. నేను వేలు పెట్టి చూసినాను. నీ వేలు పెట్టి చూడు.

రా. రాకపోతే బంగారురాజే ఆ రాయి ఎత్తుకుని మీ ఊరు వచ్చేలా ఉన్నాడు.

దేవుడమ్మ


మా ఊరు,
దసరా ముంగట.

వదినా,

మీ ఇంటి నుంచి క్షేమంగ ఊరు చేరిన. కోపంల ఏదేదో రాసిన, నువ్వు మరిచిపోయినవు, నేను మరిచిపోలే.

మీ ఇంట్ల నేను సరిగ మాట్లాడలే. సాయంత్రం నువ్వు స్తంభం కాడికి తీసుకపోతే గూడ రాయి లెక్క నిలబడ్డ. నీ మనసు కష్టపడ్డది, చూసిన. తెల్లారి మీరు లేవకముందే నేను ఇంట్ల లేకుంటి. ఏడికి పోయినవు అని నువ్వు అడిగితే ఊరికే అన్న. ఊరికే కాదు. మళ్ళ ఆడికే పోయిన, ఒక్కదాన్ని, రేకుల సందుల నుంచి లోపలికి దూరి.

ముందు రోజు నువ్వు చెప్పింది నా చెవిల తిరుగుతనే ఉండె. ఉరి పడ్డోళ్లు అన్నవు. ఉరి అంటే మాలో ఎంత చెడ్డ చావో నీకు తెల్వదు. ఆ చెట్టుకాడికి మనుషులు పోరు. ఇక్కడ చూస్తే ఊరి నడుమ రాయి, అందరు తిరిగే జాగల. వాడిపోయిన దండ ఒకటి. పేర్లు చెక్కి ఉన్నయి, హిందీల, నాకు చదవరాలే. నీకు యాదికుందో లేదో, వీళ్ల తల్లుల పేర్లు ఉన్నయా అని అడిగిన. లేవన్నవు.

దండలేసిన్రు గానీ, ఎవరన్న తిండి పెట్టిన్రా వాళ్లకు? మా రాళ్లకు దండ ఉండదు, తిండి ఉంటది. నేను కొంగుల బియ్యం, చిన్న సీసల ఇప్పసారా తెచ్చుకున్న, వాడు చెక్కిన రాళ్లకు పెడదామని. ఆ రాళ్లు లేవు. సరే, ఎవరి కోసం చెక్కిండో వాళ్లకే పెడదామని ఆకు పరిచి బియ్యం పెట్టిన, సారా పోస్తున్న. కాపలాదారు ఉరికొచ్చిండు.

"ఏ మాయీ! దారూ ఇక్కడ పొయ్యొద్దు. ఏంది, నిషాల ఉన్నవా?"

"నేను తాగలే బాబూ. ఆయన తాగుతున్నడు."

"ఎవరు?"

స్తంభాన్ని చూపిచ్చిన. వాడు ఇటు చూసిండు, అటు చూసిండు. "అది సర్కారు స్తంభం, మీ తాత కాదు" అన్నడు.

అక్కడ ఊడ్చే ఆమె ఉన్నది, హల్బీ భాషల మాట్లాడింది, సగం అర్థమైంది నాకు. చీపురు అడ్డం పెట్టి నిలబడ్డది వాని ముంగట. "నీ తాతకు నువ్వు పొయ్యకుంటివి. ఆమెను పొయ్యనియ్యి. తడిస్తే నేను ఊడుస్త, నీ చెయ్యి అరిగిపోదు" అన్నది. వాడు నసుక్కుంట పోయి కుర్చీల కూసున్నడు. ఆమె గూడ కొన్ని బియ్యపు గింజలు తీసుకొని వేసింది. ఎవరికోసం అని నేను అడగలే.

అప్పుడు స్తంభం మీద చెయ్యి పెట్టి చెప్పిన. నా కొడుకు మీకు అరుగు కట్టిండయ్యా, మీరు గూడ ఇంటికి రానోళ్లే కదా, వాడు దారిల ఒక్కడే ఉన్నడు, మీ దగ్గర కూసోబెట్టుకోండి అని. ఏడుపు వచ్చింది. మనిషి తిరిగే బజార్ల గట్టిగ ఏడ్చిన. అట్ల నేను మా ఊర్ల గూడ ఏడవలే. అందుకే నీకు అప్పుడు చెప్పలే, చెప్తే మళ్ళ వస్తదని.

రాయి సంగతి. మాలో రాయి బయలుదేరినంక నేల తాకొద్దు. అందుకే మీ ఆయన చేతులనుంచి నా చేతులకు తీసుకున్న. కండక్టర్ పైన వేస్త అన్నడు. ఇయ్యలే. "ఏంది పెద్దమ్మా, ఎర్రబోరుల రాళ్లు కరువైనయా, జగదల్‌పూర్ నుంచి మోస్తున్నవు?" అన్నడు. బస్సంత నవ్వింది. "ఇది నా పిల్లగాడు" అన్న. ఎందుకన్ననో తెల్వదు. వాడు ముంగట సీటు ఖాళీ చేపిచ్చిండు. దారి పొడుగున ఒళ్లోనే పెట్టుకున్న. తొడలు మొద్దుబారినయి. కడుపుల ఉన్నప్పుడు గూడ ఇంత బరువు లేడు వాడు.

ఇంటికొచ్చి మంచం మీద పెట్టిన. మామ వచ్చిండు.

"మంచం మీద ఎవరిని పండబెట్టినవు కోడలా?"

"నీ మనవడిని."

దగ్గరికొచ్చి కూసున్నడు. కండ్లు సరిగ కనపడవు ఆయనకు, చేత్తోటి తడిమిండు. గుర్తు దొరికింది చేతికి. చెయ్యి అట్లనే ఆగింది. "ఇది మా నాయిన గుర్తు" అన్నడు.

నేను అన్నీ చెప్పిన. అడిగిన. "ఉరి పడ్డోళ్లకు పట్నం నడుమ రాయి పెట్టిన్రు మామా. అది మంచి చావా? వాళ్లు గూడ మనోళ్లే కదా."

"వాళ్లకు సారా పోసినవా?"

"పోసిన."

"ఏమన్న కీడు అయిందా?"

"వానొచ్చింది."

మామది మళ్ళ అదే మాట. "పెడితే ఆ చావు దారి నేర్చుకుంటది."

అప్పుడు అన్న వదినా, అనకుండ ఆపుకోలేకపోయిన. "దానికి మన దారి ఎప్పుడో తెలుసు మామా. మన దారిలనే పాతిపెట్టిన్రు కదా."

ముసలాయన ఏడ్చిండు. తెల్లారి ఊరోళ్లను పిలిచి మాట్లాడిండు. నేను అడిగినంత ఇయ్యలే. వరసల వద్దు, వాళ్ల నాయిన పక్కన వద్దు, ఊరు ఒప్పుకోదు. వరస అవతల, దారి మలుపు కాడ, ఒంటిగ పెట్టుకోమన్నరు. నడుమ నాలుగు రాళ్లు పట్టే జాగ వదిలి పెట్టినం. వాడు తన నాయినను చూడొచ్చు, ముట్టుకోలేడు.

నేను ఒప్పుకున్న. ఏం చెయ్యాలె. కానీ పొద్దుగూకి పశువులొస్తుంటే చూస్త, అందరు ఒక దిక్కు, వాడు ఒక్కడు ఒక దిక్కు. బడిల మాష్టరు బయట నిలబెట్టినట్టు.

పొజ్జే


జగదల్‌పూర్,
క్రిస్మస్ పనులు.

ఒదినా,

నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్లయింది. ఏటి రాయాలో తెలీలేదు. ఒంటిగానైనా నిలబడినాడు కదా అని రాద్దామనుకున్నాను. నువ్వు తిడతావని రాయలేదు.

నల్లబండ వేసీసినారు, రేకులు తీసీసినారు. బాగానే మెరుస్తున్నాది. ఆ ఊడ్చే ఆమె నిన్ను అడిగినాది, "సారా పోసిన ఆమె మళ్లీ ఎప్పుడొస్తాది" అని. తను అప్పుడప్పుడు గుప్పెడు బియ్యం పెడుతున్నాదట. కాపలావాడు ఇప్పుడు ఏటీ అనడట, తల తిప్పుకుంటాడట.

ఉలి, సుత్తి పంపమంటావా? చొక్కా పట్టుకెళ్లినావు, అవి మరిచిపోయినావు. ఇప్పటికి ఉంచుతాను. వాటి కోసమైనా వస్తావు.

దేవుడమ్మ


మా ఊరు,
చలి తగ్గుతున్నది.

వదినా,

మా మామ హుంగా పోయిండు. మంచి చావు. ముసలితనం, చలి. పొద్దున మంట కాడ కూసోని ఇంత అంబలి తాగి, గోడకు ఆనుకొని, అట్లనే.

పోకముందు ఊరోళ్లను, మా మరుదులను పిలిపిచ్చిండు. నేను గూడ ఉన్న. ఆయన రాయి ఎక్కడ పెట్టాలో అందరికి తెలుసు, వినోద్ నాయిన పక్కన జాగ ఖాళీగనే ఉన్నది. ఆయన అన్నడు, "నన్ను ఆడ పెట్టొద్దు. పిల్లగానికి అవతల పక్కన పెట్టండి."

మరుదులు గొణిగిన్రు. అది వరస కాదు కదా అన్నరు.

"నాది మంచి చావే కదా?" అన్నడు.

"మంచిదే."

"మంచి చావోని రాయి ఎక్కడుంటే అదే వరస. నేను చెడ్డ పని చేసిన్నా ఎప్పుడన్న? లేదు కదా. మరి నా రాయి వరస బయట ఉంటదా?"

మా మామ ఎప్పుడు ఇట్లనే, పందెం కోడి లెక్క, కడదాక ఓడిపోడు. నన్ను చూసి అన్నడు, "కోడలా, నడుమ నాలుగు రాళ్లు పట్టే జాగ వదిలినం కదా. అవి మీరు చూసుకోండి. తొందరేం లేదు." అందరు నవ్విన్రు. నేను గూడ. చచ్చేటోని ముంగట నవ్వుడు మాకు మామూలే, నువ్వు ఏమనుకోకు.

నిన్న రాయి నిలబెట్టినం. పెద్ద రాయి, భుజాల మీద మోసుకొచ్చిన్రు, నేల తాకనియ్యలే. వినోద్ రాయి ఆయన మోకాలంత గూడ లేదు. పక్కన చూస్తే, తాత చెయ్యి పట్టుకొని అంగడికి బయలుదేరినట్టున్నడు. బియ్యం పెట్టిన, సారా పోసిన. తాతకు పోసిన సారా పారి మనవని రాయి దాక పోయింది. పూజారి చూసిండు. చూడనట్టు అటు తిరిగిండు.

అందరు పోయినంక నేను ఆడనే కూసున్న. ఆ నాలుగు రాళ్ల జాగల ఒకటి నాది. మనసుల చూసుకున్న, ఎక్కడైతే వాడికి దగ్గరైతదో. ఇయ్యాల రేపు పోవాలని కాదు వదినా, భయపడకు. ఈసారి ఇప్పపువ్వుకు పోవాలె. ఆ చెట్టుకాడికే పోత. గంప నేనే మోసుకుంట.

మీ ఆయనకు చెప్పు. మా ముత్తాతల కాడి నుంచి గీత గీసినట్టు ఉండేది మా రాళ్ల వరస. ఇప్పుడు దారి మలుపు కాడ వంకర పోయింది. వంకర పోయి, వాడి దాక వచ్చింది.

పొజ్జే